సొట్టపడిన టాపు

"కోసెయ్యమంటే కోసెయ్! నీ సలహా ఎవడడిగాడు?"

షెడ్డు రేకులు అదిరిపోయేలా అరిచాడు డ్రైవరు. మేస్త్రి చేతిలో సుత్తి చేతిలోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళుగా బండ్ల సొట్టలు తీస్తున్న చెయ్యి అది. పని చేయించుకోవడానికి వచ్చి ఇలా నోరు పారేసుకున్నవాడు ఇంతవరకూ లేడు.

పాత పికప్ బండి. క్యాబిన్ టాపు నడిమధ్యన గంగాళంలా లోపలికి కుంగిపోయి ఉంది. డ్రైవరు మెడ వంచుకుని, గడ్డం దాదాపు స్టీరింగుకి ఆనించి నడుపుకుంటూ వచ్చాడు. వెనక తొట్టిలో ఇంకో బండి నుంచి కోసిన టాపు తాళ్ళతో కట్టి ఉంది. తుక్కు కొట్లన్నీ తిరిగి తనే వెతికి తెచ్చుకున్నాడట.

మేస్త్రి కోపం దిగమింగుకున్నాడు.

"చూడండీ, రేకు ఎక్కడా చిరగలేదు. లోపల్నుంచి తట్టుకుంటూ వస్తే పూటలో పైకొచ్చేస్తుంది. కోశామంటే బండికి నడుం విరిచినట్టే. ఆ తర్వాత అతుకులు, అతుకుల్లో తుప్పు, వానొస్తే మీ నెత్తిన ధార. ఎందుకొచ్చిన గొడవ?"

"తడితే మచ్చ మిగలదా?"

"కంటికి కనబడదు. చేత్తో తడిమితే కొంచెం తెలుస్తుంది."

"తెలుస్తుందిగా! అయితే వద్దు. రేపు పొద్దున్నకల్లా టాపు మారాలి, రంగు పడాలి. తీసిన రేకు నా ముందే ముక్కలు ముక్కలు చెయ్యాలి."

"ముక్కలెందుకు?"

"అది నీకనవసరం."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. పళ్ళు నూరుకుంటూ స్టూలెక్కి సొట్ట మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఇంతకీ ఏం పడిందేమిటి?"

"చెట్టుకొమ్మ."

రంగు మీద గీత లేదు. బెరడు రాసుకున్న జాడ లేదు. "ఏ చెట్టండీ అది? దూది చెట్టా?" అన్నాడు మేస్త్రి.

"కొమ్మ కాదు... బస్తా. గోడౌన్లో పైనుంచి బస్తా జారింది."

"ఇప్పుడేగా కొమ్మన్నారు?"

"ఏదో ఒకటి పడింది! నీకు పని కావాలా, పడ్డదాని పుట్టుపూర్వోత్తరాలు కావాలా?"

మేస్త్రి విసురుగా ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు లాగాడు. తలుపు పైన వాననీళ్ళు జారే సన్నటి గాడిలో ఏదో ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవరు మొనతో పైకి లేపాడు. నీలం రంగు జడ క్లిప్పు. సగానికి విరిగింది. దాన్ని పట్టుకుని రెండు పొడవాటి వెంట్రుకలు వేలాడుతున్నాయి.

మేస్త్రి స్టూలు దిగాడు. ఇందాకటి కోపం వేరు, ఇది వేరు. క్లిప్పు డ్రైవరు మొహం ముందు పెట్టాడు.

"బస్తాకి జడ ఉంటుందట్రా?"

డ్రైవరు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒక్క ఉదుటున లాక్కోబోయాడు. మేస్త్రి గుప్పిట మూశాడు.

"ఎవర్ని గుద్దేశావురా? ఎగిరొచ్చి టాపు మీద పడిందా? ఎక్కడ వదిలేసి వచ్చావు?"

"నోర్ముయ్! ఇటివ్వు దాన్ని!"

"సాక్ష్యం మాయం చెయ్యడానికి నీకు నా చెయ్యే దొరికిందా?"

డ్రైవరు మేస్త్రి కాలరు పట్టుకున్నాడు. మేస్త్రి ఒక్క తోపు తోశాడు. పనిముట్ల పళ్ళెం బోర్లా పడి, బోల్టులు నేలంతా దొర్లాయి. డ్రైవరు వెళ్ళి బానెట్టు మీద పడ్డాడు. మేస్త్రి క్లిప్పు జేబులో వేసుకుని, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో సుత్తి తీశాడు.

"పోలీసులొచ్చేదాకా కదిలావో, అలాంటి సొట్టే నీ నెత్తి మీద పెడతా. ఆడకూతుర్ని గుద్దేసి, టాపు మార్చుకుని, దర్జాగా తిరుగుదామనే? థూ! మనిషి పుటక పుట్టావా?"

డ్రైవరు లేచాడు, కానీ తిరగబడలేదు. పిడికిలి బిగించి బండి తలుపు మీద తనే గుద్దాడు. ఒకసారి, రెండుసార్లు, చర్మం చిట్లేదాకా.

"చెయ్యి ఫోను. రమ్మను. నన్ను పట్టుకుపొమ్మను, తప్పు నాదే. దిక్కుమాలిన నా నోటిది. కాదనను." చిట్లిన చేత్తోనే దణ్ణం పెట్టాడు. "కానీ ముందు ఆ టాపు కోసెయ్యి మేస్త్రీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

మేస్త్రి వేలు ఫోను మీదే ఆగిపోయింది.

"ఎవర్రా ఆ పిల్ల?"

"నా కూతురు... నా తిట్లు పడలేక మేడ మీంచి దూకేసింది. కింద ఈ బండి ఉండబట్టి బతికింది. రేపు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేస్తోంది మేస్త్రీ, వచ్చేసరికి ఆ సొట్ట దాని కంట పడకూడదు."