ఒకటో ప్లాట్‌ఫారం

ఒక స్టేషన్‌ను కొత్తవారికి ఎక్కడి నుంచి చూపించడం మొదలుపెట్టాలి? గుమ్మం నుంచా, పట్టాల నుంచా? సత్తిరాజు ప్రతిసారీ తనకు తానే ఈ ప్రశ్న వేసుకునేవాడు. ప్రతిసారీ గుమ్మం దగ్గరే తేలేవాడు.

ఈసారి వచ్చినది దుర్గాశ్రీ, రైల్వే ఇంజనీరు. అమలాపురం నుంచి జీపులో వచ్చింది. స్టేషన్ ఇక్కడ ఉండాలా, వద్దా అన్నది ఆమె మాట మీదే ఆధారపడి ఉందని ఊరు చెప్పుకుంటోంది. అందుకే సత్తిరాజు ఉతికిన పంచె కట్టుకున్నాడు.

"అటు కాదండి మేడమ్‌గారూ. గుమ్మం ఇటండి."

అడ్డంగా రాబోయిన దుర్గాశ్రీ ఆగి, చుట్టూ తిరిగి అతని వెనక నడిచింది.

"టికెట్ల కిటికీ ఇక్కడండి. ఇంత ఎత్తున ఉండాలన్నది మా తాతగారి మాట. వంగి అడిగితే అడుక్కున్నట్టుంటుందనీవారు. ఇటు ఆడవాళ్ళ గది. తలుపు గోదారి వైపు. అది మా మామ్మగారి పట్టు."

"ఎందుకండి?"

"రైలు లేటైతే గాలైనా తగులుతుందని."

"ఎప్పటిదండీ ఇదంతా?"

"మా నాన్నగారు పుట్టకముందుదండి. భూమి మాదే. తాతగారు కొబ్బరితోట కొట్టించి మరీ ఇచ్చేరు. కాగితం లేదు, నోటిమాటే. ఇచ్చేక అందులో గడ్డిపరక కూడా మనది కాదనీవారు."

ఆ గడ్డిని దానమ్మ తన గేదె కోసం కోసుకుంటోంది. వీళ్ళను చూసి కొడవలి ఆపింది.

"ఏవండీ సత్తిరాజుగారూ, రైలు ఇవాళా లేటేనా?"

"టికెట్టు కొన్నదానిలా అడుగుతుంది చూడండి."

"కొంటానండి. ముందు కిటికీ తెరవండి."

దుర్గాశ్రీ నవ్వబోయి మానుకుంది.

"ఒకటో ప్లాట్‌ఫారం ఇదండి," అన్నాడు సత్తిరాజు. "ఆడవాళ్ళ పెట్టె సరిగ్గా ఇక్కడ ఆగాలి. అటు నిలబడితే పరుగెత్తాలి."

ఆమె అతను చూపిన చోటే నిలబడింది. అక్కణ్ణుంచే అంది.

"సత్తిరాజుగారూ, నేను చూడ్డానికి రాలేదండి. చెప్పడానికి వచ్చేను. లైను కాలవ అవతలికి మార్చేశారు. ఇక్కడ స్టేషన్ ఉండదండి."

"నేను చూపించినదాంట్లో ఏమైనా లోటుందాండి?"

"లేదండి. బాగా చూపించేరు."

"మరి మీరు ఉంచమని రాస్తే?"

"నన్ను రాయమనలేదండి. పైవాళ్ళు ఖాయం చేసేకే పంపేరు."

"ఆ పైవాళ్ళని అడగొచ్చాండి?"

"నేనూ అడిగేనండి."

ఎదిరించడానికైనా ఎదుట ఒక శత్రువు ఉండాలి. అక్కడ ఉన్నది ఎండకు నొసలు చిట్లించిన ఒక మంచి మనిషి మాత్రమే.

జీపు వెళ్ళిపోయింది. సత్తిరాజు అక్కడే నిలబడిపోయాడు. ఇచ్చినది తిరిగి తీసుకోరాదన్నది ఆ ఇంటి ధర్మం. తండ్రి బతికినన్నాళ్ళూ దానికే కట్టుబడ్డాడు. కానీ పుచ్చుకోవలసినవారే వద్దన్న దానం ఎవరిది? తాతగారు ఉండి ఉంటే ఈ ప్రశ్నకు ఏమనేవారో ఊహించబోయాడు. ఆయన గొంతు వినబడలేదు.

"దానమ్మా, మా పెరట్లో మొలకెత్తిన కొబ్బరికాయలున్నాయి. ఒకటి పట్రా. పార కూడా."

"స్టేషన్లోనాండి?" అంది దానమ్మ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"ఆయ్."

ఆమె తెచ్చిచ్చింది. సత్తిరాజు గుమ్మం వైపు తిరగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అడ్డంగా నడిచాడు.

ఒక్క ఇటుకా పేర్చని, ఒక్క పట్టా పరవని, ఏ రైలు కూతా వినని ఆ బీడు నేలలో, "ఒకటో ప్లాట్‌ఫారం ఇక్కడ వస్తుంది" అని తాతగారు చేతికర్రతో గీత గీసి చూపించిన చోట, గొయ్యి తవ్వి మొక్క నాటాడు.