తీగ పీకేశాక

"తెల్లారేలోగా కూలిందంటే నీ లూప్ చెత్తబుట్టలోకే, చెల్లాయ్," అని వెక్కిరించి ఆఫీసులో సీనియర్ ఇంటికి పోయాడు. ఎవరి కోసమూ కాచుక్కూర్చోకుండా వేలమందికి ఒంటిచేత్తో బదులిచ్చే ప్రోగ్రాం అది. సీనియర్ రాసిన పాత ప్రోగ్రాం స్థానంలో పెట్టడానికి ఆమె ఒక్కతే రాసింది.

లూప్ ఆఖరి పరీక్ష గట్టెక్కాక ఆమె సర్వర్ నుంచి నెట్‌వర్క్ తీగ పీకేసింది. అడిగేవాళ్లు లేకపోతే లూప్ దానంతటదే ముగియాలి. ముగియలేదు. తెర మీద ఒక కనెక్షన్ మిగిలే ఉంది. తీగ మాత్రం ఆమె చేతిలో వేలాడుతోంది.

"ఉన్నారా?" అన్న ప్రశ్న తెర మీద పడింది. లూప్ తడుముకోకుండా, "ఉన్నాం, చెప్పండి" అంది.

ఆమె చేతిలోని తీగ వంక మరోసారి చూసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. సీనియర్‌కు ఫోన్ చేసింది.

"కూలిందా?" అన్నాడు నిద్రమత్తులో.

"లేదన్నయ్యా. దయ్యాలక్కూడా బదులిస్తోంది. పొద్దున మీ పాతదాన్ని మీ చేత్తోనే తీసేద్దురు గాని."

తెర మీద ఒక్క కనెక్షన్ వందయింది. లూప్ ఒక్కరినీ ఎదురుచూడనివ్వలేదు.