పదో ఎర్రగుర్తు

"ఇరవై మూడో నంబరు కాగితం ఖాళీగా ఉందేంటి?"

సూపర్‌వైజరమ్మ అడిగిన తీరుకి టీచర్ ఏదో ఎత్తుకుపోతూ దొరికినట్టు బిక్కచచ్చిపోయింది.

"రాస్తాను మేడం."

"ఎప్పుడు? రేపటికల్లా ఇవి ఆఫీసులో ఉండాలి."

బడి వదిలి అరగంటైంది. గదిలో ముప్పై ఎనిమిది బుల్లి కుర్చీలు. పెద్దవి రెండే. ఒకటి టీచర్‌ది. బల్లకి అటువైపు ఉన్నది తల్లిదండ్రుల కోసం. దానికి ఒక కాలు ఊగుతుంది. అందుకే సూపర్‌వైజరమ్మ దాని జోలికి పోకుండా స్టూలు తెప్పించుకుని టీచర్ పక్కన కూర్చుంది.

చిన్నపిల్లల ఎదుగుదల మీద సర్వే అది. ఒక్కొక్కరికి నూటమూడు ప్రశ్నలు. టీచరే చూసి రాయాలి. పేర్లుండవు, నంబర్లే. బాగా వెనకబడ్డ పిల్ల కాగితం మీద ఎర్రగుర్తు పడుతుంది. ఆ కాగితం పిల్లతోపాటే పెద్దబడికి వెళుతుంది. తరగతిలో పది ఎర్రగుర్తులు పడితే రెండో టీచర్ని ఇస్తారు. తొమ్మిదైతే ఇవ్వరు. తొమ్మిదిమంది పిల్లలు ఏమైపోయినా ఫరవాలేదని ఏ మహానుభావుడు తేల్చాడో!

టీచర్ మూడు వారాలుగా ఆ కట్ట ఇంటికి మోసుకెళ్లి, ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను కాగితం మీద వేసి నింపింది. ముప్పై ఏడు పూర్తయ్యాయి. ఎర్రగుర్తులు తొమ్మిది. ఆ తొమ్మిదిమంది తల్లులూ ఈ వారమే వచ్చి, ఆ ఊగే కుర్చీలో తల దించుకుని కూర్చుని, సంతకాలు పెట్టి వెళ్లారు. ఒకామె ఏడ్చింది కూడా. "నాదేనా టీచర్ తప్పు?" అంది.

"సరే, నేను అడుగుతా, మీరు చెప్పండి" అని సూపర్‌వైజరమ్మ పెన్ను తీసింది. "వేళకి వస్తుందా?"

"అందరికన్నా ముందొస్తుంది."

"నేను గేటు తీసేది దానికోసమేనమ్మా" అంది గది ఊడుస్తున్న ఆయా.

"ఆకలితో వస్తుందా?"

"వారంలో మూడు నాలుగు రోజులు. పొద్దున తినేంత తీరికుండదు."

"నీరసం?"

"పదకొండయ్యేసరికి బల్ల మీద తల వాల్చేస్తుంది."

"కథ చెప్పగలదా?"

టీచర్ కిటికీలోంచి బయటికి చూసింది. "ఒక్కటే కథ. అదీ సగం. అక్కడికొచ్చేసరికి వాళ్లమ్మకి నిద్ర పట్టేస్తుందట."

"బాగుంది సంబడం!" సూపర్‌వైజరమ్మ పెన్ను గట్టిగా నొక్కింది. "కావలసింది నోరు తెరిచి అడుగుతుందా?"

"అడగదు. చెయ్యెత్తి నిలబడుతుంది. అందరి పనీ అయ్యేదాకా అలాగే ఉంటుంది. ఈలోపు పక్క పిల్లల ముక్కులు తుడుస్తుంది, బూట్లు తొడుగుతుంది."

"తల్లిని వదిలి రావడానికి ఏడుస్తుందా?"

ఆయా చీపురు ఆగింది.

"ఏడవదు" అంది టీచర్.

"పోనీలే, ఒక్కటైనా మంచి మాట విన్నాను."

ఆయాకి ఒళ్లు మండింది. "వదిలెయ్యండమ్మా ఆ పిల్లని! ఆ తల్లి మాత్రం ఎన్ని చేతుల్తో చేస్తుంది?"

"ఏంటి, నీ మనవరాలా? తెగ వెనకేసుకొస్తున్నావ్?"

"నా మనవరాలైతే దాని మొహం ఇలా వాడనిస్తానా?"

"మరింకేం, నేనన్నదీ అదే!"

అంతలో గుమ్మంలో బుల్లి బూట్ల చప్పుడైంది. రెండు జడల్లో ఒకటి ఊడిపోయిన పిల్ల, సంచీ వీపుకి తగిలించుకుని నిలబడింది. చెయ్యెత్తింది.

"ఇదేనా ఇరవై మూడు?" సూపర్‌వైజరమ్మ గొంతు మెత్తబడింది. "ఏం బంగారూ, ఇంకా ఇంటికెళ్లలేదా? అమ్మేదీ?"

పిల్ల టీచర్ వంక చూసింది. ఆ తర్వాత చెప్పింది.

"అమ్మకి ఇంకా పనవ్వలేదు."

"వెళ్లి మెట్ల మీద కూర్చోమ్మా" అంది టీచర్.

పిల్ల వెళ్లిపోయింది. అలవాటైన పనిలా వెళ్లిపోయింది.

మిగతా ప్రశ్నలూ అయ్యాక సూపర్‌వైజరమ్మ మార్కులు కూడింది. ఒకటికి రెండుసార్లు చూసింది. సొరుగులోంచి ఎర్రపెన్సిల్ తీసి టీచర్ ముందు పెట్టింది.

"గుర్తు మీరే పెట్టాలి. ఇది పదోది. మీకు రెండో టీచర్ వచ్చినట్టే. ముప్పై ఎనిమిదిమందితో ఒక్కరే చచ్చే బాధ తప్పుతుంది. సంతోషించక అలా చూస్తారేంటి?"

"ఇది పెట్టకపోతే?"

"ఇంకో ఏడాది ఇలాగే. మీ ఇష్టం. కానీ ఇప్పటిదాకా చెప్పినవన్నీ అబద్ధమని రాయాలి మరి."

టీచర్ పెన్సిల్ పట్టుకుంది. గుర్తు పెడితే ఆ పిల్లకి మచ్చ. పెట్టకపోతే ముప్పై ఎనిమిదిమందికీ ఇదే గతి, ఆ పిల్లతో సహా. ఎటు తిరిగినా గోడే. ఆఫీసులో కూర్చుని ఈ గోడ కట్టినవాళ్ల పిల్లలకి మాత్రం ఏ గుర్తూ పడదు.

గుర్తు పెట్టింది. పెన్సిల్ మొన విరిగింది.

"ఇంక తల్లి సంతకం ఒక్కటే" అంది సూపర్‌వైజరమ్మ కాగితాలు సర్దుతూ. "రేపు పొద్దున్నే పిలిపించండి. నేనే వచ్చి నాలుగు దులుపుతాను. కన్నబిడ్డకి ఒక్క కథ పూర్తిగా చెప్పలేనంత గొప్ప పనేంటో నేనూ చూస్తా!"

"రేపెందుకు మేడం? ఇప్పుడే అడగండి."

"వచ్చిందా? ఏదీ?"

టీచర్ లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆ ఊగే కుర్చీలో కూర్చుంది.