మునగ కట్టెలు

కట్టె ఫట్‌మని విరిగింది. సగం రాంబాబు చేతిలో మిగిలింది, సగం పొయ్యి పక్కన పడింది.

"మిట్టమధ్యాన్నం ఇంటికొస్తే ఇంకా ఎసరే కాగలేదా?" అంటూ ఇంకోటి అందుకున్నాడు. అదీ పెళ్లాం వీపు మీదే విరిగింది. కసి తీరక పొయ్యి మీద గిన్నెని ఒక్క తన్ను తన్ని బయటికెళ్లిపోయాడు.

నాగమల్లేశ్వరి వీపంతా వాతలు తేలింది. అయినా ఆమె పళ్లు కొరికింది మొగుడి మీద కాదు, అత్త మీద.

కాలవ గట్టు మీద ఆ ఇంట్లో వంటంతా కట్టెల పొయ్యి మీదే. కట్టెలు తెచ్చే పెత్తనం మాత్రం అత్త రత్తమ్మది. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంకర. వయసులో ఉండగా జారిపడ్డానంటుంది. ఆ చేత్తోనే గుణదలంతా తిరిగి మునగ కొమ్మలూ, ఆముదం కంపలూ ఈడ్చుకొస్తుంది. రేకుల మీద పెళుసెక్కేదాకా ఎండబెడుతుంది. ఒక్కోదాన్నీ కాలితో తొక్కి చూస్తుంది. విరిగితే ఇంట్లోకి, విరక్కపోతే కాలవలోకి.

"మీ అత్త తెచ్చేది పొయ్యిలోకా, దోమలకి పొగెయ్యడానికా?" అని నవ్వేది పక్కింటి శౌరమ్మ.

"కాసిని తుమ్మకట్టెలు తేవొచ్చుగా అత్తా? వంట ఆలీశమై నీ కొడుకు నన్ను బాదుతుంటే నీకు సరదాగా ఉందా?"

"నోరు కాదే, గొట్టం పెట్టి ఊదు," అనేది రత్తమ్మ.

ఎండలు మొదలవగానే రత్తమ్మ కూతురి కాన్పుకి కూచిపూడి వెళ్లింది. అదే అదననుకుంది మల్లేశ్వరి. వన్ టౌన్ కట్టెల అడితి నుంచి తుమ్మ మొద్దులు ఆటోలో వేయించుకొచ్చింది. గొడ్డలితో తనే చీల్చింది. గాలాడేలా అడ్డంగా నిలువుగా పేర్చి, వేసవంతా ఎండబెట్టింది. రెంటిని ఒకదానితో ఒకటి కొట్టి చూస్తే ఖంగుమన్నాయి. అవి పొయ్యిలో పెట్టిన వారమంతా అన్నం వేళకి ఉడికింది. ఒక్క దెబ్బ పడలేదు.

తిరిగొచ్చిన రత్తమ్మ వాటిని చూసి చేతిసంచి వదిలేసింది.

"ఎవర్నడిగి తెచ్చావే ఇవి?" వంకర చేత్తోనే కట్టెలు కాలవలోకి విసరసాగింది.

మల్లేశ్వరికి ఒళ్లు మండింది. అత్త జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. సరిగ్గా అప్పుడే రాంబాబు తూలుకుంటూ వచ్చాడు.

"మా అమ్మ మీదే చెయ్యేస్తావటే!"

చేతికందిన తుమ్మకట్టె లాగి పైకెత్తాడు. రత్తమ్మ కోడల్ని తోసేసి, కుడి చెయ్యి అడ్డం పెట్టింది.

ఈసారి విరిగింది కట్టె కాదు.

రాంబాబు కట్టె పారేసి పరుగెత్తాడు. మల్లేశ్వరి వేలాడుతున్న ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది.

"నాకు పడే దెబ్బకి నువ్వెందుకడ్డమొచ్చావత్తా?"

రత్తమ్మ నొప్పిని పంటి బిగువున పట్టింది. "నా ఎడమ చెయ్యి జారిపడి విరగలేదే పిచ్చిదానా, మీ మావ తుమ్మకట్టెతో కొడితే విరిగింది, అందుకేగా ఇన్నాళ్లూ నీ వీపు మీద పడగానే విరిగిపోయే కట్టెల్నే ఏరుకొచ్చింది!"