ప్లాజాకి ఏడో పని

గుంటూరు నడిబొడ్డున ఇందుమతి కట్టించిన ప్లాజా రోజుకి ఆరు వేషాలు వేసేది. పొద్దున వాకింగ్ ట్రాక్, పదింటికి కూరగాయల సంత, సాయంత్రం వాలీబాల్ కోర్టు. వేళ కాగానే నేల దానంతటదే లేచి సర్దుకునేది.

ఆ రోజు నాలుగింటికి మేయరుగారి కళ్లముందు అది నాటకశాలగా మారాలి. సరిగ్గా అప్పుడే మొరాయించింది.

"నా మీద తడి ఉంది, కదలను" అంది నేల.

ఇందుమతి పరుగున వెళ్లి చూస్తే, నడిమధ్యలో పాత చీర, దాని నిండా గుమ్మడి వడియాలు, పక్కన కర్రతో కాకుల్ని తోలుతూ ఎదురు మేడలో ఉండే మస్తానమ్మ.

"పిన్నిగారూ, కాస్త తీస్తారా?"

"ఇంకా పచ్చిగా ఉన్నాయమ్మా, కదిపితే ముద్దయిపోతాయి. ఈ మేడల మధ్య ఇంత ఎండ ఇంకెక్కడ పడుతుంది? నువ్వు ఇందుకే కట్టించావనుకున్నా."

మేయరుగారు చెప్పులు విడిచి మస్తానమ్మ పక్కన చతికిలబడ్డారు. "నాటకం రేపు చూద్దాంలే" అంటూ కర్ర అందుకున్నారు.

ఇందుమతికి నవ్వాగలేదు. అక్కడికక్కడే నేలకి ఏడో పని అప్పజెప్పింది.

"ఎంతసేపు?" అనడిగింది నేల.

"నన్నడుగుతుందేంటి, ఎండనడగమను" అంది మస్తానమ్మ.

నేల కాసేపు ఆలోచించింది. తర్వాత ఒక్క వడియం కూడా చెదరకుండా, మెల్లగా పడమటి ఎండకేసి వాలింది.