పరుపు పందెం

“ఇంకోసారి పడను, సిఫూ. పరుపు వేస్తేనే పడతాను.”

మెట్ల కింద, పగిలిన సూప్ గిన్నెల మధ్య కూర్చునే అన్నాడు బింగ్. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది. సెట్లో ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అందరూ సిఫూ, అంటే గురువు, అని పిలిచే డైరెక్టర్ పాంగ్ మొహం మీద ‘పడను’ అన్న ఫైటర్ హాంకాంగ్‌లో అప్పటిదాకా పుట్టలేదు మరి.

పాంగ్ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

“పరుపెందుకురా, నిద్రొస్తోందా? పరుపు మీద పడితే దాన్ని పడుకోవడం అంటారు. మెట్ల మీద పడితే కామెడీ అంటారు.”

“జనం నవ్వేది మెట్లని చూసి కాదు సిఫూ, నా మొహం చూసి.”

“నీ మొహమా! ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?”

“రోజూ చూసుకుంటాను. నాకైతే నవ్వొస్తుంది.”

ఫైటర్లలో ఎవడో కిసుక్కుమన్నాడు. పాంగ్ అటు తిరిగేసరికి అందరూ చెక్క కత్తులు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

కుంగ్‌ఫూ కామెడీ అంటే ఊరు ఊరంతా పడి చచ్చే రోజులవి. గురువు తంతాడు, శిష్యుడు దొర్లుతాడు, హాలు గొల్లుమంటుంది. బాగానే ఉంటుంది, ఎందుకుండదు? నవ్వు హాలుది, నడుం ఫైటర్‌ది. ఫేయ్ అనే ఫైటర్ ఇలాగే పరుపు లేకుండా బాల్కనీ మీంచి పడి, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ షాట్‌కి జనం లేచి నిలబడి ఈలలు వేశారట. వెయ్యరూ!

“సరే, పందెం,” అన్నాడు పాంగ్. “ఎల్లుండి మా అమ్మకి రషెస్ చూపిస్తున్నాను. నువ్వు పడటం చూసి నవ్విందా, ఇక నోరు మూసుకుని పడు. నీ మొహం చూసి నవ్విందా, నా దగ్గర ప్రతి ఫైటర్‌కీ పరుపు. రెంటికీ నవ్వలేదా, మూటాముల్లే సర్దుకో. హాంకాంగ్‌లో ఏ స్టూడియో గేటూ నీకు తెరుచుకోదు.”

ఉత్త బెదిరింపు కాదది. పాంగ్ ఏ సినిమానైనా డబ్బింగ్‌కి పంపకముందే, మాటా సంగీతం ఏమీ లేకుండా, ముందు తల్లికి చూపిస్తాడు. మాటల్లేకుండా నవ్వించిందే అసలు కామెడీ అంటాడు. ఆవిడ నవ్విన చోటు ఉంటుంది. నవ్వని చోట కత్తెర పడుతుంది.

“పందెం ఒప్పుకున్నాను,” అంటూ లేచాడు బింగ్. “అయితే నాకో క్లోజప్ కావాలి. గురువుకి టీ ఇచ్చే షాట్.”

“అమ్మో, క్లోజప్పు కూడానా! కానీ, కానీ. వెళ్లే ముందు ఆ ముచ్చటా తీర్చుకో.”

తనని మెట్ల మీంచి తన్నిన గురువుకి శిష్యుడు మోకరిల్లి టీ ఇవ్వాలి. ‘మీ తన్నే నాకు దీవెన’ అనాలి. సెట్లో మాటలు రికార్డు చెయ్యరు కాబట్టి ఫైటర్లు ఒకటీ రెండూ మూడూ అని పెదాలు కదిపేస్తారు. తర్వాత ఎవరి గొంతో తెచ్చి అతికిస్తారు.

బింగ్ రెండు చేతులా కప్పు ఎత్తి, కెమెరాలోకి చూశాడు. మొహంలో భక్తి పొంగిపొర్లుతోంది. గొంతు బయటికి రాలేదు గానీ పెదాలు కదిలాయి. కదులుతూనే ఉన్నాయి.

“కట్! ఒక్క ముక్క డైలాగుకి ఇంతసేపేమిట్రా?”

“భక్తి ఎక్కువైంది, సిఫూ.”

మూడో రోజు మధ్యాహ్నం ప్రొజెక్షన్ గదిలో పెద్దావిడ ముందు వరసలో కూర్చుని పుచ్చగింజలు కొరుకుతోంది. పక్కనే పాంగ్. అతను తెర వైపు చూడడం లేదు, తల్లి మొహమే చూస్తున్నాడు. ఫైటర్లంతా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు.

బింగ్ మెట్ల మీంచి దొర్లాడు. ఆవిడ గింజ కొరికింది. ఇంకో యాంగిల్లో మళ్లీ దొర్లాడు. ఆవిడ మొహం చిట్లించి, తల పక్కకి తిప్పుకుంది. పాంగ్ వెనక్కి తిరిగి బింగ్ వైపు కొరకొరా చూశాడు. ఇక మొహానికీ నవ్వకపోతే మూటాముల్లే సర్దుకోవాల్సిందే. బింగ్ మాత్రం చూపు దించలేదు.

క్లోజప్ వచ్చింది.

ఆవిడ చేతిలో గింజ నోటి దాకా వెళ్లి ఆగింది. ముందుకి వంగింది. భుజాలు కదిలాయి. అంతే, గది అదిరిపోయేలా నవ్వింది. పుచ్చగింజలు నేలపాలయ్యాయి. కళ్లు తుడుచుకుంటూ మళ్లీ వెయ్యమని వేలు తిప్పింది. మళ్లీ వేశారు. ఈసారి కొడుకు తొడ మీద దబదబా చరుస్తూ నవ్వింది. అమ్మ నవ్వుతోందని పాంగ్ కూడా కడుపు పట్టుకుని నవ్వాడు.

“ఏముందిరా ఆ మొహంలో!” అన్నాడు చివరికి. “సరే, మాటంటే మాటే. పరుపులు తెప్పిస్తాను.”

“ఒక్కోటి చాలదు సిఫూ. మెట్లకి రెండేసి.”

“రెండేసే, పోరా!”

ఫైటర్లు ఈలలు వేస్తూ బింగ్‌ని భుజాల మీదకి ఎత్తేశారు. పాంగ్ పరుపుల సంగతి చూడమని మేనేజర్‌ని కేకేస్తూ బయటికి వెళ్లాడు.

పెద్దావిడ మెల్లిగా లేచి వచ్చింది. బింగ్‌ని కిందికి దించారు. వంగి దండం పెట్టాడు. ఆవిడ అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. తన చెవి ముట్టుకుని, పనిచెయ్యదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ వేలితోనే అతని పెదాలు చూపించింది. బింగ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మా వాణ్ణి ఇంత అందంగా ఎవరూ తిట్టలేదు నాయనా,” అంది ఆవిడ. “ఈసారి కాస్త నిదానంగా తిట్టు, రెండు బూతులు అందలేదు.”