ఆర్పని కర్పూరం

"బనీను విప్పురా" అన్నాడు డ్రిల్లు మాస్టరు ఓబులేసు.

మద్దిలేటికి అర్థం కాలేదు. హంద్రి ఏటి ఇసుకలో గీతలు గీయడం అయిపోయింది. ఏటికి అవతలి ఊరి హైస్కూలు పిలకాయలు అప్పటికే తమ వైపున నిలబడి తొడలు చరుస్తున్నారు. ఇంక చెడుగుడు మొదలుపెట్టడమే తరువాయి.

"ఎందుకు సార్?"

"ఎందుకో నీకు తెలీదా? ఎంతిస్తామన్యారు?"

"ఎవరు సార్?"

"పందేలోళ్ళు."

మాస్టరు వెనక రంగన్న నిలబడి ఉన్నాడు. ఊర్లో చెనిక్కాయలు ఒలిచే మిషను ఆయనదే. ఆటగాళ్ళందరికీ బనీన్లు కొనిచ్చింది కూడా ఆయనే. చెప్పడానికి ఇష్టం లేనట్టు తల వంచుకొని చెప్పినాడు.

"పొద్దున మీ గొర్లదొడ్డి కాడ చూస్తినప్పా. ఇద్దరు నిన్ను పక్కకు పిలిచిరి. మొదటి కూతకే సచ్చి బయటికి రమ్మనిరి. నువ్వు తలకాయ ఊపితివి. ఈ మాట సారుకు చెప్పనీకె నాకేమన్నా సంతోషమా?"

"అబద్ధం సార్! నాతో ఎవరూ మాట్లాడలేదు."

మద్దిలేటి చూపు గీత అవతల కుర్చీలో కూర్చున్న మనిషి మీదికి పోయింది. ఆయన కర్నూలు కాలేజీ ఆటల మాస్టరు. మద్దిలేటి ఆట చూడ్డానికే బస్సెక్కి వచ్చినాడు. నచ్చితే కాలేజీలో సీటు, హాస్టల్లో ఊరికే తిండి. గొర్లు కాసే ఇంటి పిల్లోడికి అంతకు మించి వేరే దారి లేదు.

ఓబులేసు చెడ్డోడేం కాదు. తిరణాలలో పేకాట కాడ పిలకాయలు కనిపిస్తే చెవి పట్టుకొని స్కూలు దాకా ఈడ్చుకొచ్చే మనిషి.

"పందెం దుడ్లు ఒగసారి రుచి చూసినోడు ఇంక ఆట ఆడడురా, అమ్ముకుంటాడు" అన్నాడు. "నిజం చెప్పు."

"నిజమే చెప్తాండా సార్."

"గొడవెందుకు సార్" అన్నాడు రంగన్న. "కర్పూరం వెలిగిద్దాం. చేత్తో ఆర్పి, తీసుకోలేదని చెప్తే అయిపాయె. మల్ల ఎవరూ మాట్లాడేది లేదు."

ఆటకు ముందు టెంకాయ కొట్టిన తట్టలో కర్పూరం మిగిలి ఉండింది. రంగన్నే దాన్ని తెచ్చి రాతిమీద పెట్టి, గాలికి చేతులు అడ్డం పెట్టి వెలిగించినాడు. పిలకాయలంతా చుట్టూ చేరినారు.

మద్దిలేటి వెనక్కి జరిగినాడు.

"నేను ఆర్పను సార్."

"ఏమి?"

"మా ఇంట్లో ఎవరూ దీపం ఆర్పి ప్రమాణం చెయ్యరు సార్. నిజానికైనా చెయ్యరు. ఇంటికి మంచిది కాదంటాది మా జేజి."

"నిజమైతే భయమెందుకురా?"

"భయం కాదు సార్. చెయ్యం. అంతే."

జట్టులో పెద్దోడు కంబన్న ముందుకొచ్చినాడు. "వాని బదులు నేనార్పుతా సార్. మా ఇంట్లో అలవాటే. సారాయి తాగలేదని మా నాయన మాయమ్మ ముందర వారం వారం ఆర్పుతాంటాడు."

పిలకాయలు కిసుక్కున నవ్వినారు. మాస్టరు నవ్వలేదు.

"ఒగని బదులు ఒగడు ఆర్పేది యాడన్నా ఉండాదేమిరా?"

మాట్లాడుతుండంగానే కర్పూరం దానంతటదే ఆరిపోయింది. రాతిమీద నల్లటి మచ్చ మిగిలింది. మాస్టరు దాని దిక్కు చూసి, మద్దిలేటి మొగం చూసినాడు.

"పోనీలే సార్, చిన్నపిల్లోడు" అన్నాడు రంగన్న మెల్లగా. "ఈసారికి ఆడనీయండి. వాడు లేకపోతే మనం గెలిచేది కల్ల."

ఆ మాటతో మాస్టరు బిగుసుకుపోయినాడు.

"గెలవకపోతే పోనీ రంగన్నా. కప్పు పోతే వచ్చే ఏడు తెచ్చుకుంటాం. పిల్లోడు చెడిపోతే ఎవరు బాగు చేస్తారు?" మద్దిలేటి వైపు తిరిగినాడు. "ఇదంతా నీ మేలుకేరా. ఇప్పుడు కాకపోయినా ముందర ముందర నీకే తెలుస్తాది. పోయి గీత బయట కూకో."

మద్దిలేటి బనీను విప్పి కంబన్న చేతికిచ్చినాడు. ఇసుకలో మోకాళ్ళు చుట్టేసుకొని కూర్చున్నాడు.

ఆట మొదలైంది. కంబన్న కూతకు పోయిన ప్రతిసారీ కాళ్ళు దొరకబుచ్చుకున్నారు.

"యాడపాయెరా మీ పొట్టేలు?" అని అవతలి పిలకాయలు ఎగతాళి పట్టినారు. "సంతలో అమ్ముకున్యారా?"

కుర్చీలోని ఆటల మాస్టరు అటూ ఇటూ చూసి, పక్కనున్న మనిషిని ఏదో అడిగినాడు. ఆ మనిషి గీత బయట కూర్చున్న మద్దిలేటిని చూపించి, చెవిలో ఏమో చెప్పినాడు. ఆటల మాస్టరు తల అడ్డంగా ఊపి, గొడుగు తీసుకొని లేచినాడు. ఆట ఇంకా జరుగుతానే ఉంది. ఆయన గట్టెక్కి బస్సు దారి పట్టేదాకా మద్దిలేటి ఆ గొడుగునే చూస్తా ఉండిపోయినాడు.

ఆట ఓడిపోయినారు.

ఓబులేసు వచ్చి మద్దిలేటి పక్కన గొంతుక్కూర్చున్నాడు. భుజం మీద చెయ్యేసినాడు.

"నన్ను తిట్టుకుంటాండావేమో. తిట్టుకో. ఆ పాడు దుడ్లు నీకంటకుండా చేసినా. నాకది చాలు."

మద్దిలేటి నిక్కరుకంటిన ఇసుక దులుపుకుంటా ఉన్నాడు.

అవతలి గట్టున తప్పెట మోగింది. పందేలు కాసినోళ్ళంతా ఈలలేసుకుంటా ఏట్లోకి ఉరికొచ్చినారు. గెలిచిన పిలకాయల్ని దాటుకొని నేరుగా పోయి, రంగన్నను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"నువ్వన్నట్లే వాడు కర్పూరం ఆర్పకపాయె గదప్పా రంగన్నా! పిల్లోనికి ఒగ దుడ్డు ఇయ్యకుండా, మాస్టరు చేతనే వాణ్ని కూకోబెట్టిస్తివే!"